పండగ అయ్యాక కర్ఫ్యూ

ఇది 2022 జనవరి రెండో వారం, కరోనా మళ్లీ పెరుగుతున్న రోజుల మాట. సోమవారం, 10న, ఆంధ్రప్రదేశ్‌లో ఒక ఉత్తర్వు వచ్చింది: రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా కర్ఫ్యూ. మంగళవారం ఇంకొకటి వచ్చింది: కర్ఫ్యూ ఇప్పుడు కాదు, ఈ నెల 18 నుంచి. ఈ ఒక్కరోజులో వైరస్ తగ్గిందా అంటే లేదు, పెరిగింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంలో ఎవరికో సంక్రాంతి గుర్తొచ్చింది, అంతే. పండక్కి ఊళ్లకొచ్చే జనానికి ఇబ్బంది కలగకూడదనే వాయిదా వేశామని దాపరికం లేకుండా చెప్పారు కూడా.

ఆ వార్త టీవీలో వచ్చిన రాత్రే ఫోన్లు మొదలయ్యాయి. అప్పటిదాకా వెళ్లాలా మానాలా అని తేల్చుకోలేక కూర్చున్న ఇళ్లలో ఒక్కసారిగా ధైర్యం పుట్టుకొచ్చింది. "గవర్నమెంటే ఏమీ అనట్లేదు కదా, మీకెందుకమ్మా అంత భయం? పిల్లల్ని తీసుకుని బయల్దేరండి" అని ఊళ్లోని అమ్మ. "అన్నయ్య వాళ్లు కూడా వస్తున్నారట, మనమొక్కళ్లమే ఆగిపోతే ఏం బాగుంటుంది" అని పట్నంలోని కూతురు. ఫ్యామిలీ గ్రూపులో ఎవరో జంతికల ఫొటో పెడతారు. ఎవరు ఏ రోజు దిగుతున్నారో ఇంకొకరు లిస్టు రాస్తారు. రాత్రి భోజనాల వేళకు ఎనిమిది మందిగా ఉన్న పండగ పడుకునే వేళకు పాతికమంది పండగ అవుతుంది. అరిసెలకు ఇంకో రెండు కేజీల బియ్యం నానబోస్తారు. చివరి నిమిషంలో కుదిరిన ఈ కలయికల గురించే మా ఆందోళన. ముందునుంచీ అనుకున్న ప్రయాణానికి కాస్తయినా జాగ్రత్త ఉంటుంది. భోగికి రెండు రోజుల ముందు "సరే వచ్చేస్తున్నాం" అన్న ప్రయాణానికి టికెట్ దొరికితే చాలు, ఇంకేదీ పట్టదు.

డిసెంబరు 28న దేశం మొత్తమ్మీద నమోదైన కొత్త కేసులు 6,358. జనవరి 12 ఉదయం ప్రకటించిన లెక్క 1,94,720. మధ్యలో గడిచింది పదిహేను రోజులు. ఆంధ్రప్రదేశ్‌లో జనవరి ఒకటిన రెండు వందలు కూడా లేని రోజువారీ కేసులు బుధవారానికి మూడు వేలు దాటాయి. ఈ అంకెలు పాఠకులకు తెలియనివి కావు. తెలిసీ బ్యాగులు సర్దుతున్నారు.

నిజమే, రెండేళ్లుగా మనవడి మొహం ఫోన్‌లో తప్ప చూడని తాతలున్నారు. పెళ్లయ్యాక అల్లుడికి ఇది తొలి పండగ కావచ్చు. పంట చేతికొచ్చే రోజుల్లో నాలుగు డబ్బులు చూసే రైతుకు, బట్టల కొట్టువాడికి, ట్రావెల్స్ వాడికి ఈ వారమే ఏడాదంత. రాత్రి పదకొండు తరవాత రోడ్డు ఖాళీ చేయిస్తే వైరస్ ఎంత ఆగుతుందన్నదీ అనుమానమే. భోగి మంట వేసేదే తెల్లవారుజామున నాలుగింటికి, కర్ఫ్యూ ఐదు దాకా ఉంటే ఊరూరా పోలీసులు మంటలు ఆర్పుతూ తిరగాలా అని అడిగేవాళ్లూ ఉన్నారు. ఇవన్నీ ఒప్పుకుందాం.

మా అభ్యంతరం వేరు. కర్ఫ్యూ పనికిరాదనుకుంటే రద్దు చేయాల్సింది. పనికొస్తుందనుకుంటే వెంటనే పెట్టాల్సింది. ఈ రెండూ కాకుండా, అది పనికొస్తుంది గానీ పండక్కి వద్దు అన్నారు. ప్రమాదం ఉందని తెలుసు, అయినా మనవాళ్ల కోసం నాలుగు రోజులు తెలియనట్టు ఉందాం అని దీని అర్థం. ప్రభుత్వమే పండక్కి మినహాయింపు ఇచ్చాక, ఇంటి పెద్ద తన కొడుకులకూ కోడళ్లకూ మినహాయింపు ఇచ్చుకుంటే ఏమని తప్పుపడతాం? బజారులో మాస్కు లేనివాడికి వంద రూపాయలు ఫైను. ఇంట్లో మాస్కు లేకుండా మూడు రోజులు ఒకే హాల్లో పడుకునే పాతికమందికి ప్రభుత్వ ఆశీస్సులు. లోపలైతే వందమంది, ఆరుబయటైతే రెండొందల మంది దాకా గుమిగూడవచ్చని ఉత్తర్వే చెబుతుంటే పాతికమంది ఎవరికి లెక్క?

ఒకసారి ఇచ్చిన మినహాయింపు ఒక్కసారితో పోదు. నిరుడు, 2021లో, కేరళలో చూశాం. బక్రీద్ కోసం జులై 18 నుంచి 20 దాకా మూడు రోజులు ఆంక్షలు సడలించారు. వ్యాపారుల ఒత్తిడికి లొంగారని సుప్రీంకోర్టు గట్టిగానే మందలించింది. ఆ మందలింపు వచ్చేసరికి అది సడలింపు ఆఖరి రోజు, రద్దు చేయడానికి ఏమీ మిగల్లేదు. నెల తిరిగేసరికి ఓనం వచ్చింది. బక్రీద్‌కు ఒప్పుకున్నవాళ్లు ఓనంకు కాదనగలరా? ఆగస్టు చివరి వారంలో ఒక్క కేరళలోనే రోజుకు ముప్పై వేలు దాటి కేసులు వచ్చాయి. అన్నీ పండగ పుణ్యమే అనడం లేదు. అయితే ఒక పండక్కి తలుపు తీసినవాళ్లకు రెండో పండగ వచ్చి తలుపు తట్టినప్పుడు చెప్పడానికి జవాబు ఉండదు. అంతకుముందు ఏప్రిల్‌లో, కరోనా మధ్యే లక్షల మంది గుమిగూడిన హరిద్వార్ కుంభమేళా సంగతి సరేసరి.

మనకూ వరసలో ఉన్నాయి. ఫిబ్రవరి 16 నుంచి మేడారం జాతర. మార్చి ఒకటిన శివరాత్రి. ఏప్రిల్ 2న ఉగాది. సంక్రాంతికి కుదిరింది జాతరకు ఎందుకు కుదరదని భక్తులు అడిగితే ఏ మొహం పెట్టుకుని కాదంటారు? ఇంట్లో అయినా అంతే. పెద్దకొడుకు కుటుంబాన్ని పండక్కి రానిచ్చి, నెల తరవాత తోడికోడలి చెల్లెలి పెళ్లికి వెళ్లొద్దంటే ఊరుకుంటారా?

తెలంగాణ తీరు ఇంకా విచిత్రం. సభలు, ర్యాలీలు ఈ నెల 20 దాకా వద్దన్నారు. బాగుంది. కరోనా భయంతో బడులకు 8 నుంచి 16 దాకా సెలవులిచ్చారు. అదీ బాగుంది. మరి సెలవులిచ్చిన పిల్లలు ఎక్కడున్నారు? ఆర్టీసీ పండగ స్పెషల్ బస్సుల్లో ఉన్నారు. అదనపు చార్జీ కూడా లేదని ఊరించి మరీ ఎక్కించారు. తరగతి గదిలో దూరం దూరంగా కూర్చోబెడితే ప్రమాదమన్న పిల్లలను ఆరేడు గంటలు కిటికీలు మూసిన బస్సులో తీసుకెళ్లి నాయనమ్మ పక్కలో పడుకోబెట్టడం ఏ లెక్కన క్షేమం? హైదరాబాద్-విజయవాడ రోడ్డులో పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరే కార్లను చూసి ఏటా పండగ కళ అని రాస్తాం. ఈసారి ఆ మాట రాయడానికి చేయి రావడం లేదు. (ఇదే పత్రికలో పక్క పేజీలోనే సంక్రాంతి ఆఫర్ల ప్రకటనలున్నాయని పాఠకులు వేలెత్తి చూపవచ్చు. చూపాలి కూడా.)

ఇంట్లో ఏం జరుగుతుందో ఒకసారి తలచుకోండి. జనవరి చలి. రాత్రి తొమ్మిదికల్లా తలుపులు, కిటికీలు మూసేస్తారు. హాల్లో చాపలు, పరుపులు వరసగా. ఒక మూల పేకాట, ఇంకో మూల క్యారమ్స్, టీవీ ముందు పిల్లలు. అందరూ ఒకేసారి మాట్లాడతారు, అదీ అరుస్తూ. కనుమ నాడు మాంసం వండుకుని అందరూ కలిసి కూర్చుని తింటారు, తినేటప్పుడు మాస్కు ఎలాగూ ఉండదు. గాలి ఆడని గదిలో ఒకరు వదిలిన గాలి ఇంకొకరు పీలుస్తూ గంటలు గడపడమే ఈ వైరస్‌కు కావలసింది. బస్సులో పక్కవాడు దగ్గితే మొహం తిప్పుకుంటాం. బావమరిది దగ్గితే "ప్రయాణం పడలేదేమో, మిరియాల పాలు తాగు" అంటాం. ఇక్కడ కూడా అదే మినహాయింపు. బయటివాడిదైతే కరోనా, మనవాడిదైతే జలుబు.

బయల్దేరే ముందు అందరం టెస్టు చేయించుకున్నాం అంటున్నవాళ్లున్నారు. మంచిదే. మందుల షాపులో కిట్లు దొరుకుతున్నాయి, ఇంట్లోనే చేసుకోవచ్చు. కాకపోతే బుధవారం నెగెటివ్ వచ్చిన మనిషికి శుక్రవారం పాజిటివ్ రావచ్చు. మధ్యలో బస్టాండు ఉంది, బస్సు ఉంది, దారిలో టీ కొట్టు ఉంది. అది ఆ రోజుకి, ఆ గంటకి చెప్పిన మాట. మూడు రోజుల పండక్కి పాస్ కాదు.

రెండు డోసులూ అయిపోయాయి కదా అన్నది రెండో ధైర్యం. 2022 జనవరి నాటికి పదిహేనేళ్ల లోపు పిల్లలకు టీకాయే లేదు. 15 నుంచి 18 ఏళ్ల వాళ్లకు ఈ నెల 3నే మొదలైంది, మొదటి డోసుతో ఉన్నారు. పెద్దవాళ్లకు మూడో డోసు సోమవారమే మొదలైంది, అదీ అరవై దాటి బీపీ, షుగర్ లాంటి జబ్బులున్నవాళ్లకు, రెండో డోసు వేయించుకుని తొమ్మిది నెలలు నిండితేనే. లెక్క వేసుకోండి. నిరుడు ఏప్రిల్ రెండో వారం తరవాత రెండో డోసు పడ్డ తాతకు ఇంకా వంతు రాలేదు. మన ఊళ్లలో ఎక్కువమంది పెద్దవాళ్లకు రెండో డోసు పడింది ఆ తరవాతే. అంటే పండక్కి ఎవరిని చూడాలని వెళ్తున్నామో వాళ్లకే రక్షణ తక్కువ.

ఇప్పుడు వ్యాపిస్తున్న కరోనా కొత్త రకం ఒమిక్రాన్ అంటే ఉత్త జలుబే అనే మాట ఈ వారం రోజుల్లో ఎన్నిసార్లు విన్నామో. ముప్పై ఏళ్లవాడికి జలుబే కావచ్చు. డెబ్భై ఐదేళ్లు, షుగర్, నిరుడే స్టెంటు పడిన మనిషికి ఏమవుతుందో ఆ మాట చెప్పినవాళ్లకు తెలియదు. నిరుడు మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయి, అధికారిక లెక్క ప్రకారమే 11 మంది చనిపోయారు. ఎనిమిది నెలలు. అప్పుడే మరిచిపోయామా? అప్పుడు సిలిండర్ల కోసం రోడ్ల మీద పరుగెత్తినవాళ్లే కదా ఇప్పుడు జలుబే కదా అంటున్నది? జలుబే అయినా ఒకేసారి లక్షల మందికి వస్తే అందులో డాక్టర్లూ నర్సులూ ఉంటారు. అప్పుడు గుండెనొప్పితో వెళ్లినవాడికి చూసే దిక్కుండదు.

పెద్దలు చెప్పేదొకటి చేసేదొకటి అయితే జనం దేన్ని పట్టుకుంటారో వేరే చెప్పాలా. బుధవారమే బ్రిటన్ పార్లమెంటులో ప్రధాని బోరిస్ జాన్సన్ క్షమాపణ చెప్పుకున్నారు. 2020 మే 20న, బయట ఒక్క మనిషిని మించి కలవకూడదని జనాన్ని కట్టడి చేసిన రోజుల్లో, తన అధికార నివాసం తోటలో జరిగిన పార్టీకి వెళ్లినందుకు. అది ఆఫీసు పనే అనుకున్నానన్నారు. మన దగ్గర ఆ మాత్రం క్షమాపణ కూడా ఉండదు. ఐదు రాష్ట్రాల ఎన్నికలకు 15 దాకా ర్యాలీలు వద్దని ఎన్నికల సంఘం గత శనివారం చెప్పింది. అంతకు ముందు రోజు దాకా జరిగిన ర్యాలీల్లో ఎవరున్నారో అందరూ చూశారు. ఇక గోదావరి జిల్లాల్లో, హైకోర్టు ఎప్పుడో వద్దన్న కోడిపందేల బరుల దగ్గర, ఏటా ముందు వరస కుర్చీల్లో ఎవరు కూర్చుంటారో ఆ జిల్లాల వాళ్లని అడగండి. ఈ ఏడాది ఆ కుర్చీలు ఖాళీగా ఉంటాయని నమ్మేవాళ్లెవరైనా ఉన్నారా? కనుమ నాడు కోనసీమలోని జగ్గన్నతోటలో ప్రభల తీర్థానికి వచ్చే సామాన్య భక్తుడికి దూరం పాటించమని మైకులో చెప్పే అధికారి, ఆ కుర్చీలవైపు కూడా ఆ మైకు తిప్పగలడా?

ఇంకా బయల్దేరనివాళ్లు ఆగిపోండి. టికెట్ డబ్బులు పోతే పోతాయి. ఫోన్ చేసి "ఈసారికి రావడం లేదమ్మా" అనడం కష్టమే, అవతల కాసేపు మౌనం ఉంటుంది, కోపం కూడా ఉంటుంది. ఇప్పటికే ఊరు చేరినవాళ్లు భోజనాలు పెరట్లో పెట్టుకోండి, చలిగా ఉన్నా కిటికీలు తెరవండి, పెద్దవాళ్ల పక్కలు వేరే గదిలో వేయండి. గొంతు గరగరగా ఉన్నవాడు బావే అయినా అల్లుడే అయినా సరే, మొహమాటం లేకుండా దూరంగా కూర్చోమనండి.

ఇక ప్రభుత్వానికి. 18 రాత్రి 11 గంటలకు పోలీసులు లాఠీలు పట్టుకుని రోడ్ల మీదికి వస్తారు, బారికేడ్లు అడ్డం పెడతారు, సెకండ్ షో నుంచి ఇంటికెళ్లే కుర్రాడిని ఆపి కేసు రాస్తారు. అప్పటికి హైదరాబాద్ బస్సులన్నీ వెళ్లిపోయి ఉంటాయి. ఊళ్లో ముసలాయన దగ్గుతూ మంచంలో ఉంటాడు. ఆయన ఇంటి ముందు కర్ఫ్యూ పెట్టి ఎవరిని ఆపుతారు?