ఎలుగు తిన్న పనసకాయ

శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానంలో పనసచెట్టుకి రెండే శత్రువులు: తుఫాను, ఎలుగుబంటి. మూడోది కూడా ఉందని ఈ వైశాఖంలో తేలింది. అది విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తుంది, సెలవు దొరికితే పలాస రైలెక్కుతుంది.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా పెరట్లో తాతల నాటి పనస వేళ్లతో సహా లేచిపోయింది. తిత్లీ అంటే సీతాకోకచిలుకట! ఆ పేరు పెట్టినవాళ్లకి మర్నాడు మా కొబ్బరితోటలు చూపించాల్సింది. తర్వాతి ఏడు నాన్న అదే చోట పనసపిక్క పాతాడు. ఇన్నాళ్లకి తొలికాపు. రెండే కాయలు: ఒకటి కొబ్బరిబోండాం అంత, ఒకటి నిమ్మకాయంత. పెద్దదానికి గోనెసంచి చుట్టి, ఎలుగు రాకుండా మొదలు చుట్టూ ముళ్లకంప కట్టాడు.

అమ్మవారి సంబరానికి చుట్టాలొస్తున్నారు. "సంతలో లేత పనసకాయ ఒకటి పట్రా, పొట్టు కూర చేస్తాను" అని చెప్పి అమ్మ గుడికెళ్లింది. పెరట్లో చెట్టు పెట్టుకుని సంతలో కొనడమా? పరువు తక్కువ కదా! ముళ్లకంప లాగాను (రెండు ముళ్లు మడమలో దిగాయి), గోనె విప్పాను, కత్తితో తొడిమ మీద ఒక్కటేశాను.

అరుగు మీద కూర్చుని చెక్కు తీసి, టకటకా కొట్టడం మొదలుపెట్టాను. పొట్టు సంగతేమో గానీ, పాలు బాగా వచ్చాయి. వేళ్లు ఒకదానికొకటి అంటుకున్నాయి. చెమట తుడుచుకుంటే మీసం అంటుకుంది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. ఎలాగో ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాను. నాన్న.

"ఒరే, పనసమొదట్లో రెండు బిందెల నీళ్లు పొయ్యి. తొలికాయ పండితే అమ్మవారికిస్తానని మొక్కుకున్నాను."

కాయ అప్పటికి సగం పొట్టయిపోయింది. ఫోను పెట్టేద్దామంటే చెంపని వదల్లేదు.

నానమ్మ వచ్చి చూసింది. "సేతులకి నూనె రాసుకోకండా పనసకాయ కోసినోడు మన వంశంలో నేడురా గుంటడా" అంది. కాయ పోయినందుకు కాదు, ఆవిడ బాధ అదీ! కొబ్బరినూనె పోసి అరగంట రుద్దింది. చేతులు వదిలాయి గానీ, మీసంలో నల్లటి జిగురు అలాగే ఉండిపోయింది.

అమ్మ తిట్టుకుంటూనే పొట్టుని ఉప్పూ పసుపూ వేసి ఉడికించి, నీళ్లు పిండి, ఎండుమిరపకాయల పోపు పెట్టి, దించి చల్లారాక ఆవ కలిపింది. ముందు ఒక ఆకులో కాస్త అమ్మవారికి పెట్టారు. "పండే కావాలని అమ్మ అడిగిందేటి?" అని మొక్కు సంగతి నానమ్మే తేల్చేసింది.

భోజనాల దగ్గర నాన్న రెండుసార్లు వడ్డించుకున్నాడు. "ఆవ ఇంకాస్త పడాల్సింది" అన్నాడు. అంతే.

మావయ్య చెట్టు వైపు చూసి, "బావా, తొలికాయ ఏదీ?" అన్నాడు.

"ఎలుగు తినేసింది" అన్నాడు నాన్న, తలెత్తకుండా.

"అయ్యయ్యో! ఫారెస్టోళ్లకి అర్జీ పెట్టు, పరిహారం ఇస్తారు."

"ఎలుగు ఎక్కడికీ పోనేదు, ఇక్కడే కూకుని కూర తింతంది" అంది నానమ్మ. బంతిలో అందరూ నా మీసం వైపు తిరిగారు.

నిమ్మకాయంత కాయకి ఆ సాయంత్రమే గోనెసంచి పడింది. నన్ను పలాస స్టేషన్లో దింపి వచ్చేదాకా మా ఇంట్లో కత్తి ఎక్కడుందో అమ్మకి కూడా తెలియలేదట.