పిల్లికి చెప్పకండి, డాక్టరుకి అసలే చెప్పకండి

ఈమధ్య సమాజంలోకి ఒక ప్రమాదకరమైన ఆలోచన పాకుతోంది. పెంపుడు జంతువుని వెటర్నరీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలంటే దాన్ని ముందుగా సిద్ధం చేయాలట. అదీ వారాల ముందు నుంచే. పిల్లిని మోసుకెళ్ళే క్యారియర్‌ని ఎప్పుడూ హాల్లో తలుపు తీసి ఉంచాలట. అందులో అది రోజూ పడుకునే గుడ్డ పరవాలట. అప్పుడప్పుడూ దానికి నచ్చిన తిండి లోపల వేయాలట. అలా చేస్తే పిల్లి దాన్ని తన సొంత గది అనుకుని, తనంతట తానే వెళ్ళి పడుకుంటుందట. ఆస్పత్రికి వెళ్ళే రోజున మనం చేయాల్సిందల్లా ఆ తలుపు మూయడమేనట.

మరి ఇంట్లో మిగతావాళ్ళంతా ఏం చేయాలి?

పిల్లిని ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి శాస్త్రోక్తమైన విధానం ఒకటుంది. దాన్ని కాపాడుకోవలసిన బాధ్యత మనందరి మీదా ఉంది. ఆ విధానం ప్రకారం క్యారియర్ ఉండాల్సిన చోటు అటక. పాత సూట్‌కేసుల వెనక, వీలైతే తిరగడం మానేసిన టేబుల్ ఫ్యాన్ కింద. అపాయింట్‌మెంట్ రోజున, బయల్దేరాల్సిన సమయానికి కాస్త ముందు మాత్రమే అది కిందికి దిగాలి. దిగేటప్పుడు గోడకి కొట్టుకుని చప్పుడు చేయాలి. దుమ్ము రాలాలి. నిచ్చెన పట్టుకున్న మనిషికి తుమ్ము రావాలి. ఆ తుమ్ముతో పిల్లికి సమన్లు అందినట్టు. అప్పటిదాకా సోఫా మీద వెల్లకిలా పడుకుని ఉన్న జీవి మరుక్షణం మంచం కింద, ఏ వైపు నుంచి చెయ్యి చాపినా జానెడు దూరం తక్కువయ్యే చోట ప్రత్యక్షమవుతుంది. ఆ చోటు కనిపెట్టాలంటే మనకి టేపు కావాలి. దానికి అక్కర్లేదు.

ఇక్కడి నుంచి కుటుంబ ఐక్యత మొదలవుతుంది. ఒకరు చీపురుతో, ఒకరు టార్చ్‌లైట్‌తో, ఒకరు తలుపు దగ్గర కాపలా. ఇంకొకరు నేలమీద బోర్లా పడుకుని "రా బంగారం, రా తల్లీ" అని, ఏడాదిలో మరే రోజూ వాడని గొంతుతో పిలవాలి. నేరం రుజువు కావడానికి పిల్లికి ఆ గొంతు ఒక్కటే చాలు. క్యారియర్ కనిపించిన ప్రతిసారీ సూది గుచ్చుకుందనీ, క్యారియర్ లేని రోజుల్లో ఎప్పుడూ గుచ్చుకోలేదనీ దాని రికార్డుల్లో ఉంది. అంత కచ్చితమైన ముందస్తు సమాచారం వాతావరణ శాఖల దగ్గర కూడా ఉండదు. దాన్ని పిరికిదనం అనడం అన్యాయం. మన ఇంట్లో ఆధారాలను బట్టి నిర్ణయాలు తీసుకుంటున్నది అదొక్కతే.

క్యారియర్ని ఏడాదంతా హాల్లో ఉంచమనేవాళ్ళ ఎత్తుగడ సరిగ్గా ఈ రికార్డుల్ని తారుమారు చేయడం. మూడొందల సార్లు తిండి, ఒక్కసారి సూది అయితే పిల్లి లెక్క తప్పుతుంది. ఇది సాక్షుల్ని ప్రలోభపెట్టడం కాక మరేమిటి?

వాళ్ళ దగ్గర రసాయన ఆయుధాలు కూడా ఉన్నాయి. పిల్లి తన బుగ్గల్ని సోఫాకీ, తలుపుకీ, మన కాళ్ళకీ రుద్దుతుంది కదా, అలా రుద్దినప్పుడు ఫెరోమోన్ అనే పదార్థం అంటుకుని "ఇది నా చోటే, భయం లేదు" అనే కబురు అక్కడ మిగులుతుంది. దానికి కృత్రిమమైన నకలు తయారుచేసి స్ప్రేగా అమ్ముతున్నారు. క్యారియర్ లోపల కొట్టి, పిల్లిని పెట్టేముందు పదిహేను నిమిషాలు ఆగాలట. అందులో ఉన్న ఆల్కహాల్ ఆవిరైపోవాలి కాబట్టి. పదిహేను నిమిషాలు! అపాయింట్‌మెంట్‌కి పది నిమిషాలే ఉన్న మనిషిని ఆగమంటారా? మన పద్ధతిలో స్ప్రే కొట్టిన మరుక్షణం, ఆ ఘాటు తగ్గకముందే, పిల్లిని తల ముందు పెట్టి తోయాలి. అది నాలుగు కాళ్ళూ ద్వారానికి నాలుగు మూలలా ఆనించి ఆగిపోతుంది. ద్వారం ఎంత పెద్దదైనా, కాళ్ళు చాపిన పిల్లి దానికన్నా నాలుగంగుళాలు ఎక్కువ వెడల్పుంటుంది. దీన్ని ప్రకృతి నియమాల్లో చేర్చవలసిందిగా భౌతిక శాస్త్రవేత్తలను కోరుతున్నాను.

పైకప్పు ఊడదీయగల క్యారియర్లు దొరుకుతున్న మాట నిజమే. వాటిలో పిల్లిని పైనుంచి మెల్లగా దించవచ్చు. ఆస్పత్రిలో పైభాగం తీసేస్తే అది కింది సగంలో కూర్చునే ఉంటుంది, డాక్టరు అక్కడే పరీక్ష చేసేయొచ్చు. ఇంత సులువైన పని చేసి ఇంటికొచ్చాక నలుగురికీ చూపించడానికి చేతి మీద ఒక్క గీరైనా ఉండదే, దాని సంగతేమిటి? పోనీ మెడ వెనక చర్మం పట్టుకుని ఎత్తుదామా అంటే అదీ ఒప్పుకోరు. పిల్లుల వైద్యుల సంఘాలు రెండు కలిసి 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో అలా పట్టుకోవద్దని తేల్చేశారు. దానికి భయం, నొప్పి, కోపం పెరుగుతాయట. మన భయం, నొప్పి, కోపాల గురించి మార్గదర్శకాలు ఎప్పుడొస్తాయో తెలియదు.

ఈ గందరగోళానికి మూలం చరిత్రలో ఉందని నా అనుమానం. ప్రపంచంలో మొదటి పశువైద్య పాఠశాలని 1761లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో స్థాపించిన క్లాడ్ బూర్జెలా అంతకుముందు గుర్రపుస్వారీ నేర్పే సంస్థ నడిపేవారు. గుర్రాన్ని ఎవరూ బుట్టలో పెట్టి తీసుకురారు. మంచం కింద దూరిన గుర్రం సమస్యా ఆయనకి ఎదురై ఉండదు. అసలు పాఠం సిలబస్‌లోకి రాకుండానే పోయింది.

కుక్క సంగతి వేరు. దాన్ని మోసం చేయడానికి తెలివి అక్కర్లేదు, గుండె రాయి చేసుకుంటే చాలు. "షికారు" అనగానే తోకాడిస్తూ వచ్చి కారెక్కుతుంది. ఆ నమ్మకాన్ని ఏడాదికోసారి ఆస్పత్రి గుమ్మంలో తాకట్టు పెడతాం. నాలుగు కాళ్ళతో బ్రేకులు వేసి, గచ్చు మీద జారుతూ లోపలికి వచ్చే కుక్కని చూసి అందరూ నవ్వుతారు. కుక్క తప్ప.

దీనికి కొత్తవాళ్ళు చెప్పే విరుగుడు వింటే మీరు నమ్మరు. జబ్బేమీ లేనప్పుడు కూడా కుక్కని అప్పుడప్పుడూ ఆస్పత్రికి తీసుకెళ్ళాలట. వెయింగ్ మెషీన్ ఎక్కించి, అక్కడివాళ్ళ చేత ఒక బిస్కెట్ పెట్టించి, సూదీ మందూ లేకుండా తిరిగి తీసుకొచ్చేయాలట. ఇంట్లో ఉన్నప్పుడు రోజూ కాసేపు దాని చెవులు ఎత్తి చూడాలట, పాదాలు పట్టుకోవాలట, పెదవి తీసి పళ్ళు చూడాలట. అప్పుడు డాక్టరు అదే పని చేసినా దానికి వింతగా ఉండదట. మన ఇళ్ళలో కుక్క పళ్ళు ఎవరైనా చూశారంటే అది పోస్టుమ్యానే. ఆయన చూసింది కూడా తప్పించుకోలేకే.

కరిచే అవకాశం ఉన్న కుక్కకి చిక్కం కూడా ఇంట్లోనే అలవాటు చేయాలంటారు. నోరు తెరిచి రొప్పడానికి, నీళ్ళు తాగడానికి వీలుండే బుట్టలాంటి చిక్కం. ముందు దాని లోపల తిండి పెట్టి, మూతి దానంతట అదే దూర్చేలా రోజుల తరబడి ఓపికగా నేర్పాలి. ఇది కుటుంబ గౌరవానికి సంబంధించిన విషయం కాబట్టి మనం ఒప్పుకోలేం. మన కుక్క ఎవరినీ ఏమీ అనదు. వెయిటింగ్ హాల్లో అది పదేపదే ఆవులిస్తుంటే "పాపం, నిద్రొస్తోంది" అంటాం. పెదాలు నాక్కుంటుంటే ఆకలేస్తోందంటాం. వణుకుతుంటే ఏసీ తగ్గించమంటాం. తల కదపకుండా, కనుగుడ్ల తెలుపు కనిపించేలా ఓరగా చూస్తుంటే "చూడండి, ఎంత ముద్దుగా చూస్తోందో" అంటాం. ఇవన్నీ భయానికి గుర్తులని డాక్టర్లకి తెలుసు. "మావాడు ఏమీ అనడండీ" అనే మాట వినగానే అనుభవం ఉన్న అసిస్టెంట్ చేతులు వెనక్కి తీసుకోవడం మీరు గమనించే ఉంటారు.

ఇక్కడిదాకా జంతువు దగ్గర దాచాల్సినవి. అసలు గోప్యత డాక్టరు గదిలో మొదలవుతుంది.

మొదటి ఇబ్బంది, అక్కడికి వెళ్ళగానే రోగం మాయమవడం. రెండు రోజులుగా కుంటుతున్న కుక్క డాక్టరు ముందు పరుగుపందేనికి సిద్ధమైనట్టు నడుస్తుంది. భయంలో, ఉత్సాహంలో ఒంట్లో పొంగే అడ్రినలిన్ నొప్పిని కాసేపు కప్పేస్తుంది. ఇంట్లో కుంటినప్పుడే ఫోన్లో వీడియో తీసి తెమ్మంటారు డాక్టర్లు. దగ్గు, మూర్ఛ, ఊపిరి తీయడంలో తేడా, ఏదైనా సరే. మన ఫోన్లో అది పడుకున్న ఫోటోలు వేలకొద్దీ ఉంటాయి, కుంటిన వీడియో ఒక్కటీ ఉండదు. ఉండకూడదు కూడా. యజమాని లేచి, కుర్చీ పక్కకి జరిపి, స్వయంగా కుంటి చూపించే కళ ఒకటుంది. అది అంతరించిపోకూడదు. ఆయన కుడికాలు కుంటుతుంటే ఆవిడ "ఎడమది కదండీ" అనడం, ఇద్దరూ కుక్క వైపు చూడడం, అది తోకాడించడం కూడా ఆ ప్రదర్శనలో భాగమే.

మలం శాంపిల్ గురించి ఎక్కువ చెప్పను. తాజాగా ఉండాలి, మూత గట్టిగా బిగించిన డబ్బాలో ఉండాలి, ఆలస్యమైతే ఫ్రిజ్‌లో పెట్టాలి. ఫ్రిజ్‌లో ఏ అరలో అనే విషయం మీద ఇంట్లో జరిగే చర్చలో నేను వేలు పెట్టను.

తర్వాత ఆ ప్రశ్న వస్తుంది: "ఏం పెడుతున్నారు?" మనం తడుముకోకుండా "మీరు చెప్పిందేనండీ" అనాలి. "ఇంకేమైనా?" అంటే గోడమీద పోస్టర్ చదవాలి. అందుకే ఆస్పత్రికి పిల్లల్ని తీసుకెళ్ళకూడదు. "అమ్మమ్మ రోజూ రాత్రి తన కంచంలోంచి పెడుతుంది కదా" అని ఏడేళ్ళ సాక్షి నిండు సభలో బయటపెట్టేస్తుంది. ఆపరేషన్ ఉంది, రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దు అన్నప్పుడు కూడా ఇంట్లో ఒక దయామయి ఉంటుంది. "పాపం, ఖాళీ కడుపుతో ఎలా వెళ్తుంది" అని తెల్లవారుజామున గిన్నె నింపేస్తుంది. మత్తులో ఉన్న జంతువు కక్కితే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చని ఆ దయకి తెలియదు.

మందుల విషయంలో మాత్రం నా గోప్యతా సిద్ధాంతం నాకే మింగుడుపడడం లేదు. పిల్లికి ఒళ్ళు వెచ్చగా ఉందని మనుషుల పారాసెటమాల్ వేసేవాళ్ళున్నారు. దాన్ని విరగ్గొట్టి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. మనకి తలనొప్పి తగ్గించే ఒక్క మాత్ర దాని ప్రాణం తీయొచ్చు. కుక్కల పేలకి వాడే పెర్మెత్రిన్ చుక్కలు పిల్లి మీద వేసినా అంతే. అలాంటిదేదైనా వేసి, డాక్టరు అడిగినప్పుడు "ఏమీ వేయలేదండీ" అంటే ఆయన చికిత్స ఇంకెక్కడి నుంచో మొదలుపెడతారు. ఈ ఒక్క ప్రశ్నకి నిజం చెప్పండి. మిగతావాటికి పోస్టర్ ఉండనే ఉంది.

సంప్రదాయ పద్ధతికి ఇంకో ప్రయోజనం ఉంది, దీన్ని ఎవరూ గుర్తించడం లేదు. భయపడిన పిల్లికి రక్తంలో చక్కెర పెరుగుతుంది. గుండె వేగం, బీపీ కూడా పెరుగుతాయి. అంటే మంచం కింద అరగంటసేపు జరిగిన యుద్ధం రిపోర్టులో షుగర్‌గా అచ్చవుతుంది. అది నిజం షుగరా, చీపురు షుగరా తేల్చడానికి ఫ్రక్టోసమీన్ అనే ఇంకో పరీక్ష చేయాలి. గత రెండు మూడు వారాల్లో చక్కెర సగటున ఎలా ఉందో దానిలో తెలుస్తుంది. లేదంటే పిల్లి నెమ్మదించాక మళ్ళీ తీసుకురమ్మంటారు. అలా ఒక్క చీపురుతో రెండు విజిట్లు సాధించవచ్చు. ఇందుకేనేమో, బాగా భయపడే పిల్లులకి కొందరు డాక్టర్లు గాబాపెంటిన్ రాసిస్తున్నారు. ఇంటి దగ్గరే, బయల్దేరడానికి రెండు గంటల ముందు వేయాలి. డాక్టరు చూసి చెప్పిన మోతాదులోనే వేయాలి. టెన్షన్ పిల్లికి తగ్గుతుంది. రెండు గంటల ముందే మందు మింగించాల్సిన మనిషికి తగ్గేదేమిటో ఆ చీటీలో రాయరు.

ఇంటికొచ్చాక కథ అయిపోయిందనుకునేవాళ్ళకి రెండో పిల్లి లేదని అర్థం. ఉంటే, అది గుమ్మంలోనే తోక లావు చేసుకుని బుస కొడుతుంది. వెళ్ళినది తన తోటిదే. వచ్చినదానికి మాత్రం స్పిరిట్ వాసన, పరాయి చేతుల వాసన, ఇంకెవరిదో కుక్క వాసన. పిల్లుల లోకంలో ముఖం కన్నా వాసనే గుర్తింపు కార్డు. కొన్ని గంటలు వేరే గదిలో ఉంచి, ఇంటి వాసన ఉన్న టవల్‌తో తుడిచి, తర్వాత కలపమంటారు. మన పద్ధతిలో ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి "వీడు మనవాడేరా" అని నచ్చజెప్పాలి. రెండు పక్షాలూ వినవు, మధ్యవర్తికి గీర్లు పడతాయి.

కుక్కకి మాత్రం పగ ఉండదంటారు. ఇంటికి రాగానే అంతా మర్చిపోయి, ఆ ఘోరం నుంచి కాపాడి తెచ్చింది మీరేనన్నట్టు ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంటుంది. నిజమే కావచ్చు. రేపు ఒకసారి కారు తాళాలు చేతిలోకి తీసుకుని చూడండి.