నిశ్శబ్ద నివారణోద్యమం

నిద్ర లేచిన మొదటి పది నిమిషాల్లో మనిషి ఎంత నిస్సహాయుడో తత్వవేత్తలు సరిగ్గా పట్టించుకోలేదు. కళ్లు తెరిచీ తెరవగానే తలలో ఏదో ఒక ఆలోచన వచ్చి పడే ప్రమాదం ఉంది. నిన్న వాళ్లతో అలా అనకుండా ఉండాల్సిందా, ఈ ఏడాదీ ఇలాగే గడిచిపోతుందా, అసలీ ఉద్యోగం ఎందుకు చేస్తున్నాం, ఇలాంటివి. ఈ ఆపద నుంచి మానవజాతిని రోజూ క్రమం తప్పకుండా కాపాడుతున్నది రేడియోలో వచ్చే ఉదయపు కార్యక్రమమే. హుషారైన పాటలు, అతిథులు, నడుమ కాస్త ఆత్మచింతన. ఇంత సేవ చేస్తున్నా దానికి దక్కవలసిన గౌరవం దక్కలేదన్నదే నా బాధ.

ఈ ఉద్యమం ఇంతదాకా రావడానికి చాలాకాలం పట్టింది. 1901 డిసెంబరులో మార్కోనీ అట్లాంటిక్ అవతలి నుంచి వచ్చిన సంకేతాన్ని అందుకున్నాడు. మోర్స్ లిపిలో ఎస్ అనే అక్షరం, అంటే మూడు చుక్కలు. అంత సముద్రం దాటి వచ్చి మూడు చుక్కలు చెప్పి ఊరుకుంది! ఈనాటి వ్యాఖ్యాతకు అప్పగించి ఉంటే ఆ చుక్కల మధ్య ఖాళీలో ఒక ప్రకటన, ఒక బహుమతి ప్రశ్న, రెండు పకపకలు సులువుగా పట్టించేవాడు. ఆ తర్వాత ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ రేడియోలో గరగరను వదిలించడానికి ఏళ్ల తరబడి తంటాలుపడి, 1933లో ఎఫ్.ఎం. మీద పేటెంట్లు సంపాదించాడు. గరగర పోయింది. అది ఖాళీ చేసి వెళ్లిన చోటులో ఏం పెట్టాలో మాత్రం ఆయన చెప్పలేదు.

రేడియో తరంగం సెకనుకు దాదాపు మూడు లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. అంత వేగంతో గోడలు చీల్చుకుని మన పడకగదిలోకి వచ్చే మొదటి సమాచారం, ఈరోజు సోమవారమని. అంత హడావుడిగా రావలసిన వార్త కాదు కదా అని కొందరు పెదవి విరుస్తారు. సోమవారమని పది గంటలకు తెలుసుకున్నవాణ్ణి వాళ్లెప్పుడూ చూసి ఉండరు.

ఇక కార్యక్రమంలోకి వద్దాం. వ్యాఖ్యాతలు సాధారణంగా ఇద్దరుంటారు. ఒకరు మాట్లాడటానికి, ఒకరు నవ్వడానికి. మాట్లాడటం ఎవరైనా నేర్చుకోవచ్చు, నవ్వడమే కష్టం. హాస్యం వచ్చాక నవ్వడంలో గొప్పేముంది? ఉదయం ఏడింటికి, హాస్యం ఇంకా దారిలో ఉండగానే నవ్వు మొదలుపెట్టి, అది వచ్చేవరకూ ఆపకుండా పట్టుకోవడం సాధన మీద గాని రాదు. కొన్ని రోజులు హాస్యం అసలు రాదు. అయినా నవ్వు తన విధి తాను నిర్వర్తిస్తుంది.

రెండో విద్య పాట మీద మాట్లాడటం. పల్లవికి ముందు వాద్య సంగీతం ఉంటుంది. అది ఎన్ని సెకన్లో స్టూడియోలోని తెర మీద అంకెలు తగ్గుతూ కనిపిస్తాయి. ఎవరో రాత్రులు మేలుకుని కూర్చిన ఆ వయొలిన్లను వ్యాఖ్యాత తన మాటల కింద తివాచీలా పరుచుకుని, గాయని నోరు తెరిచే క్షణానికి సరిగ్గా నోరు మూస్తాడు. అర సెకను తేడా రాదు. ఆ నైపుణ్యాన్ని నేను నిజంగానే మెచ్చుకుంటాను. ఇంత కచ్చితంగా ఎప్పుడు ఆగాలో తెలిసిన మనిషి ఇంకాస్త ముందే ఆగడం ఎందుకు నేర్చుకోలేదన్నది వేరే సంగతి.

"ఈ పాట ఎందుకో ఇప్పుడే గుర్తొచ్చింది" అంటారు చూడండి, అది నాకు మరీ ఇష్టం. ఏ పాట ఏ గంటలో ఎన్నిసార్లు రావాలో లెక్కగట్టి పెట్టే కంప్యూటర్ ప్రోగ్రాములు 1979 నుంచీ ఉన్నాయి. ఆ గుర్తు రావడం కూడా ముందురోజే జాబితాకెక్కి ఉంటుంది. కొన్ని కేంద్రాల్లో "శుభోదయం" అన్న మాటనే ముందురోజు సాయంత్రం రికార్డు చేసి పెట్టేస్తారు. ఇందులో మోసమేమీ లేదు. రేపటి ఉత్సాహాన్ని ఈరోజే తయారుచేసి పెట్టుకోవడం దూరదృష్టి.

అతిథుల విషయంలో మాత్రం కాస్త ఆగాలి, ఎందుకంటే కార్యక్రమానికి ప్రాణం వాళ్లే. ఈమధ్య ఒక ఉదయం సముద్రపు లోతుల్లో బతికే చేపల మీద ఇరవై ఏళ్లు పరిశోధించిన ఒక శాస్త్రవేత్తను పిలిచారు. ఆమెకు కేటాయించింది నాలుగు నిమిషాలు. అందులో మొదటి నిమిషం ఆమె ఎంత గొప్పవారో చెప్పడానికి సరిపోయింది. రెండోది "హలో, వినిపిస్తోందా మేడమ్" అనడానికి.

"అక్కడ బాగా చీకటిగా ఉంటుందా మేడమ్?"

"అవునండీ. వెయ్యి మీటర్లు దాటాక సూర్యకాంతి అసలు చేరదు. అందుకే అక్కడి జీవులు చాలావరకు తమ వెలుగు తామే..."

"వెలుగంటే గుర్తొచ్చింది! ఇప్పుడు మనందరం ఒక వెలుగుల పాట వినేద్దాం!"

పాట అయ్యేసరికి మేడమ్ లేరు. ఇరవై ఏళ్ల పరిశోధనలో ఆమె అంత తొందరగా కనుమరుగైన జీవిని చూసి ఉండరు.

శ్రోతల ఫోన్లకు మరో ఏర్పాటుంది. మాట్లాడేవాళ్లు నోరు జారితే తుడిచేయడానికి వీలుగా ప్రసారాన్ని కొన్ని సెకన్లు ఆలస్యంగా నడిపిస్తారు. బూతు దొర్లిందా, ఒక మీట నొక్కితే మాయం. "ముందు మీ రేడియో సౌండు తగ్గించండి" అని ఫోన్ చేసినవాళ్లను బతిమాలేది కూడా అందుకే, లేకపోతే తన మాట తనకే ఆలస్యంగా వినపడి మనిషి తికమకపడతాడు. ఇంత ముందుచూపున్న ఇంజనీర్లు విసుగు పుట్టించే మాటకు ఒక మీట ఎందుకు పెట్టలేదని అడగవచ్చు. పెడితే రోజంతా దాని మీది నుంచి వేలు తీయడానికి ఉండదు.

ఇక ఆత్మచింతన. బ్రిటన్‌లో బీబీసీ ఉదయపు వార్తల మధ్య 1970 నుంచీ ఇలాంటి చింతన ఒకటి నడుస్తోంది, మూడు నిమిషాల లోపు. అంతకు మించి చింతిస్తే ట్రాఫిక్ కబురు ఆలస్యమవుతుంది. నేను వినే కార్యక్రమంలో ఆ ఘట్టం ఎనిమిదింటికి రెండు నిమిషాల ముందు వస్తుంది. వేణువు మొదలవుతుంది. అప్పటిదాకా గంతులేసిన గొంతు ఒక్కసారిగా అరవై ఏళ్లు నిండినట్టు గంభీరమవుతుంది. ఇందులో రహస్యమేమీ లేదు. స్టూడియోల్లో వాడే మైకుల్లో చాలావాటికి నోరు బాగా దగ్గరగా పెడితే గొంతులో మంద్రస్థాయి పెరుగుతుంది, అది భౌతికశాస్త్రం. శ్రోతలు దాన్ని జీవితానుభవం అనుకుంటారు. మూతికీ మైకుకూ మధ్య నాలుగు వేళ్ల దూరం తగ్గితే వచ్చే జ్ఞానం కోసం పూర్వం జనం అడవులకు వెళ్లారు.

పోయిన వారం ఆ ఘట్టంలో వ్యాఖ్యాత మౌనం గురించి మాట్లాడాడు. చక్కగానే మాట్లాడాడు. చివర తనూ ఊహించని ధైర్యంతో, "రండి, ఒక అర నిమిషం మనందరం మౌనంగా ఉందాం" అని వేణువును కూడా ఆపేశాడు.

నేను నోట్లో బ్రష్షుతో అలాగే నిలబడిపోయాను. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. ఎక్కడో కుళాయి కారుతోంది, చుక్క, చుక్క, చుక్క. మార్కోనీ విన్నది ఇంచుమించు ఇదేనేమో. ఎన్నో ఏళ్లుగా వెనక్కి నెట్టేస్తూ వచ్చిన ఆలోచన ఒకటి మెల్లగా తల ఎత్తింది.

పాపం, వ్యాఖ్యాత మరచిపోయిన విషయం ఒకటుంది. రేడియో కేంద్రాల్లో నిశ్శబ్దాన్ని కనిపెట్టే యంత్రం ఉంటుంది. ఇన్ని సెకన్లని పెట్టిన గడువు దాటి చప్పుడు లేకపోతే, లోపల ఏదో తెగిపోయిందని భావించి, సిద్ధంగా ఉంచిన పాటను తనంతట తానే ప్రసారంలోకి వదులుతుంది. మౌనం పదో సెకనులో ఉండగా డప్పులు విరుచుకుపడ్డాయి. నా బ్రష్షు సింకులో పడింది. ఆలోచన ఎటు పోయిందో తెలియదు.

ఆ సంగతి స్టూడియోలో కళ్లు మూసుకుని కూర్చున్న వ్యాఖ్యాతకు చేరలేదు. అర నిమిషం అయ్యాక అదే మంద్రమైన గొంతుతో తిరిగి వచ్చి, ఆ మౌనంలో మీకేమనిపించిందో ఫోన్ చేసి చెప్పండి అన్నాడు. మొదటి లైనులో దొరికిన ఆయన తన రేడియో సౌండు తగ్గించి, చాలా బాగుందండీ, ఏ సినిమాలోది అని అడిగాడు.