నడిచే కారును విప్పి నడవబోయే కారు చేయుట గురించి

మనిషి చేసే పనుల్లో కొన్నింటికి రావలసినంత గౌరవం రాలేదు. పాత కారును విప్పేసి ఇంట్లోనే స్పోర్ట్స్ కారు తయారు చేసుకోవడం వాటిలో మొదటిది. తాళం తిప్పితే స్టార్టయ్యేది, నాలుగు తలుపులూ పైకప్పూ ఉన్నది, వానలో లోపలివాళ్లు తడవనిది ఒక కారు. దాన్ని తెచ్చుకుని, ఏళ్ల తరబడి సెలవులన్నీ ధారపోసి, తలుపులూ కప్పూ లేకుండా, చినుకు పడితే నిలువునా తడిపేదిగా మార్చగలిగినవాడు సామాన్యుడా? అయినా ఇరుగుపొరుగు అతన్ని చూసి జాలిపడుతున్నారు. ఈ అన్యాయాన్ని సరిచేయడానికే ఈ నాలుగు మాటలు.

ముందు కారు ఎంపిక. లోకంలో అందరూ తుప్పు లేని కారు కోసం వెతుకుతారు. మనవాడు తుప్పు కోసమే వెతుకుతాడు. తలుపు కింది అంచును వేలితో నొక్కితే వేలు లోపలికి పోవాలి, మ్యాట్ ఎత్తితే రోడ్డు కనిపించాలి. అప్పుడు గానీ ముఖంలో కళ రాదు. బాడీ ఎంత కుళ్లితే బేరం అంత తేలిక. అతనికి కావలసిందేమో ఇంజన్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, స్టీరింగ్, బ్రేకులు. అమ్మేవాడు సిగ్గుపడి కాలు అడ్డం పెట్టి దాచిన చిల్లును, కొనేవాడు కాలు తీయించి మరీ ఫొటో తీసుకోవడం ఈ ఒక్క వ్యాపారంలోనే చూస్తాం.

ఇంజన్ ముందు ఉండి వెనక చక్రాలను తిప్పే కారైతే మరీ శ్రేష్ఠం. 1989లో వచ్చిన మాజ్డా ఎమ్ఎక్స్-5 అంటే వీళ్లకు అంత మోజు అందుకే. విప్పడానికి అంతకంటే అనువైనది లేదంటారు. అది అప్పటికే స్పోర్ట్స్ కారు కదా అని ఎవరైనా మధ్యలో అంటే వినబడనట్టు ఊరుకుంటారు. ముందు చక్రాలతో నడిచే కారే దొరికిందా, దానికీ ఉపాయముంది. ఇంజన్, గేర్‌బాక్స్ మొత్తాన్ని అలాగే ఎత్తి సీట్ల వెనక పెట్టేయడమే.

ఈ వృత్తికి వంశచరిత్ర తక్కువదేమీ కాదు. 1946లో ఇంగ్లండ్‌లో జాన్ కూపర్ అనే ఆయన ఫియట్ టొపొలినో కార్ల ముందు భాగాలు రెండు తెచ్చి, వీపుకు వీపు ఆనించి అతికించి, వెనక ఒక మోటార్‌సైకిల్ ఇంజన్ బిగించి, ఇది రేసు కారు అన్నాడు. చూసినవాళ్లు ఏమనుకుని ఉంటారో ఊహించుకోవచ్చు. 1959లోనూ 1960లోనూ ఫార్ములా వన్ ఛాంపియన్‌షిప్ ఆ కూపర్ కార్లకే వచ్చింది. 1948లో కాలిన్ చాప్‌మన్ అనే కుర్రాడు పాత ఆస్టిన్ సెవెన్‌ను విప్పి తన మొదటి కారు కట్టాడు. ఎక్కడ? ప్రేమించిన అమ్మాయి తల్లిదండ్రుల గ్యారేజీలో. కాబోయే అత్తమామల స్థలంలో ఇనప సామాను పోగేసి, ఆ తర్వాత ఆ పిల్లనే పెళ్లి చేసుకోగలిగినవాడికి లోటస్ అనే కార్ల కంపెనీ పెట్టి నడపడం ఒక లెక్కా?

1957లో ఆ కంపెనీ లోటస్ సెవెన్ అనే చిన్న స్పోర్ట్స్ కారును తెచ్చింది. ఇప్పటికీ గ్యారేజీల్లో పుట్టే కార్లలో సగానికి దాని ముఖమే ఉంటుంది. అప్పట్లో బ్రిటన్‌లో తయారైన కారు కొంటే కొనుగోలు పన్ను పడేది, విడిభాగాలు కొని ఎవరికి వారు బిగించుకుంటే పడేది కాదు. బిగించే పద్ధతి రాసి ఇస్తే పన్ను చిక్కు వస్తుందని, విప్పే పద్ధతి రాసి ఇచ్చి కింది నుంచి పైకి చదువుకోమనేవారట. 1973లో ఆ పన్ను స్థానంలో వ్యాట్ రావడంతో ఆ భోగం ముగిసింది. కింది నుంచి పైకి చదివే అలవాటు మాత్రం ఈ జాతిలో ఉండిపోయింది. కారు కొన్నాకే ఆ పని తమకు వచ్చా రాదా అని ఆలోచిస్తారు.

ఇక విప్పడం. వెనక సస్పెన్షన్‌లో ఒక బోల్టు ఉంటుంది. తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా నానబెడతాడు. పొద్దున్నే పానా వేస్తే పానా జారి బోల్టు తల అంచులు అరిగిపోతాయి. వేడి చేస్తే వదులుతుందని గ్యాస్ మంట పెడతాడు. వదిలే సంగతి తర్వాత, ముందు పక్కనున్న రబ్బరు బుష్ అంటుకుని గ్యారేజీ నిండా నల్లటి పొగ. చివరికి కటక్కుమని కదులుతుంది. కదిలిందోచ్ అనుకునేలోగా తల పానాతో పాటు చేతికొస్తుంది, మిగతా బోల్టు లోపలే హాయిగా ఉంటుంది. ఇది ఒక్క బోల్టు కథ. ఊడొచ్చినవాటిని జాగ్రత్తగా కవర్లలో వేసి, ఏది ఎక్కడిదో పైన రాసి పెడతాడు. గ్రీజు చేతులు తగిలీ తగిలీ కొన్నాళ్లకు ఏ కవరు చూసినా ఒకటే మాట మిగులుతుంది: ‘ఎడమ’.

ఈలోగా ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం చదరపు గొట్టాలు కోసి, చాసిస్ కోసం, అంటే కారు అస్థిపంజరం కోసం, నాలుగు అతికించాడో లేదో, ముక్కు మీద పెట్టే బ్యాడ్జి డిజైన్ తయారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

తర్వాతది బరువు. ఇక్కడ మనం చెప్పులు విడిచి లోపలికి రావాలి, ఎందుకంటే ఇది మతం. సూత్రం నూటికి నూరు పాళ్లూ నిజమే. 100 హార్స్‌పవర్ ఇంజన్ వెయ్యి కిలోల కారులో నెమ్మదస్తుడు, అదే 500 కిలోల కారులో పెడితే టన్నుకు 200 హార్స్‌పవర్ లెక్కన దూకుతుంది. అందుకని కార్పెట్ పోతుంది, ఏసీ పోతుంది, స్పేర్ టైరు పోతుంది. తీయడానికి ఇంకేమీ మిగలనప్పుడు బ్రేకు పెడల్‌కు డ్రిల్లుతో బెజ్జాలు వేస్తారు. రాలిన ఉక్కు రజను కాగితం మీద పోసి తూస్తారు. గ్రాముల్లో లాభం! ఆ కాగితం మీద వాలి చూస్తున్న శాస్త్రజ్ఞుడి బరువు 95 కిలోలు. కారులో దాదాపు ఐదో వంతు ఆయనే. ఈ మాట ఆయనతో అన్నవాళ్లు ఉన్నారు గానీ, రెండోసారి గ్యారేజీలోకి వెళ్లినవాళ్లు లేరు. ఇంకో ఇబ్బంది. పాత కారు స్ప్రింగులు బరువైన బాడీ కోసం చేసినవి. సగం బరువున్న కారు కింద అవి అణగమన్నా అణగవు. గులకరాయి మీద చక్రం ఎక్కితే సమాచారం నేరుగా వెన్నెముకకు అందుతుంది. పాత కారులో ఇలా జరిగితే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లేవాడు. ఇప్పుడు దీన్ని రోడ్ ఫీల్ అంటున్నాడు.

ఎలక్ట్రానిక్స్ దగ్గర అసలు టెన్షన్ మొదలవుతుంది. కొంచెం కొత్త కారైతే ఇంజన్ ఒక్కదాన్నే ఎత్తుకొస్తే నడవదు. తాళంలోని చిప్‌ను ఇమ్మొబిలైజర్ అనే దొంగల నిరోధక పరికరం గుర్తుపట్టి, ఇంజన్ కంప్యూటర్‌కు ఔనని చెప్పాలి. కాబట్టి కొన్ని కార్లలో తాళం, మీటర్ల ప్యానెల్, బాడీ కంప్యూటర్ అన్నీ వాటి వైర్లతో సహా రావలసిందే. గ్రాము గ్రాము కూడబెట్టిన కారులోకి జడల్లాంటి వైర్ల కట్ట ఎక్కుతుంది. మొదటిసారి ఇంజన్ స్టార్టయిన ఆ శుభ ఘడియలో డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలుగుతుంది: తలుపు తెరిచి ఉంది. లేని తలుపును మూసేదెలా? రెండు వైర్లు కలిపి, తలుపు ఉందనీ, మూసే ఉందనీ కంప్యూటర్‌ను నమ్మించాలి. ఆ వెంటనే ఎయిర్‌బ్యాగ్ దీపం.

చివరికి ప్రభుత్వం. బ్రిటన్‌లో సొంతంగా కట్టిన కారు రోడ్డెక్కాలంటే ఐవీఏ అనే పరీక్ష నెగ్గాలి. మనిషికి తగలగల చోట పొడుచుకొచ్చిన అంచులు 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్థానికి తగ్గకుండా గుండ్రంగా ఉండాలంటారు. కొట్టుకుంటే గీరుకోకూడదని మంచి ఉద్దేశమే. దాంతో మనవాడు పదునైన ప్రతి అంచుకూ రబ్బరు పట్టీ, బయటికి కనిపించే ప్రతి బోల్టుకూ ప్లాస్టిక్ టోపీ తొడుగుతాడు. సర్టిఫికెట్ చేతికొచ్చిన మర్నాడు ఆ టోపీలు ఏమయ్యాయని అడగడం మర్యాద కాదు.

ఇంతా అయ్యాక గ్యారేజీలో గోడకు ఆనించి పాత కారు తలుపులు మిగిలి ఉంటాయి. వాటిని అమ్ముతానని చెప్పగా, అదే మోడల్ కారున్న పెద్దాయన ఒకరు వచ్చారు.

“కింద అంతా తుప్పు పట్టేసిందండీ. తలుపులైనా మారుద్దామని” అన్నారు.

మనవాడు తలుపుల వైపు చూడనే లేదు. గేటు బయట ఆగి ఉన్న కారు వైపు చూశాడు. వంగి దాని కిందకీ చూశాడు.

“అయ్యో, బాగా తినేసిందండీ,” అన్నాడు ఆప్యాయంగా. “ఇంజన్ ఎలా ఉంది?”