మంచాలు కొనిస్తారు, మనిషికి జీతం మాత్రం ఇవ్వరు

మానసిక ఆరోగ్యం మీద, తాగుడు మాన్పించడం మీద పనిచేసే ట్రస్టులకు డబ్బే దొరకదని ఎవరైనా అంటే నేను పూర్తిగా ఒప్పుకోను. డబ్బుంది. ఢిల్లీలో ఉంది, కంపెనీల దగ్గర ఉంది, తిరుపతికి వచ్చే భక్తుల దగ్గర ఎంతుందో చెప్పక్కర్లేదు. నా కోపమంతా ఆ డబ్బు దేనికి వస్తుంది అనేదాని మీద. మంచాలకు వస్తుంది, ఫ్యాన్లకు వస్తుంది, ఆర్‌వో ప్లాంటుకు వస్తుంది, జూన్ 26న మత్తుపదార్థాల వ్యతిరేక ర్యాలీకి, అక్టోబర్ 10న మానసిక ఆరోగ్య దినానికి బ్యానర్లు, టోపీలు, టీషర్టులకు వస్తుంది. పేషెంటు ఇంటి దాకా పోయి "ఏం పెద్దాయనా, మాత్రలు వేసుకుంటా ఉండావా" అని అడిగే మనిషి జీతానికి మాత్రం రాదు. మాలాంటి ట్రస్టుల పనిలో సగం వైద్యం ఆ మనిషే. ఈ ఒక్క సంగతి డబ్బిచ్చేవాళ్లకు ఎక్కించలేక చస్తున్నాం.

కంటి ఆపరేషన్ అయితే ఒక పూట పని, నల్లకళ్లద్దాలు పెట్టుకుని వరసగా కూర్చుంటే ఫోటో కూడా బాగా వస్తుంది. స్కిజోఫ్రీనియా అట్లా కాదు. డాక్టర్ మందు రాస్తారు, కొన్ని వారాల్లో చెవుల్లో మాటలు వినిపించడం తగ్గుతుంది, మనిషి కుదుటపడతాడు, ఇంట్లోవాళ్లు "బాగైపోయాడు కదా, ఇంకెందుకు ఈ మాత్రలు, ఒట్టి నిద్రమబ్బు" అని ఆపేస్తారు, కొన్ని నెలలకు కథ మళ్లీ మొదటికొస్తుంది. అది రాకుండా ఉండాలంటే ఎవరో ఒకరు పాకాల పక్క పల్లెకు బస్సెక్కి పోయి వాళ్లమ్మతో కూర్చుని మాట్లాడాలి, మబ్బుగా ఉందంటే డాక్టర్‌కు ఫోన్ చేసి డోసు సంగతి కనుక్కోవాలి, వైకల్యం ఉందని చూపే సదరం సర్టిఫికెట్‌కు స్లాట్ బుక్ చేయించి పింఛను దాకా వెంట ఉండాలి. చిత్తూరు వైపువాళ్లు వేలూరు బాగాయంలో ఉన్న సీఎంసీ మానసిక వైద్యశాలకు పోయి చూపించుకుని వస్తారు, అక్కడ వైద్యం మంచిదే, కానీ ఊరికొచ్చాక తర్వాతి చూపు వరకు ఎవరు చూస్తారు?

తాగుడు సంగతీ అంతే. చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, లేనివి కనిపించడం, ఇవన్నీ వారం పది రోజుల్లో మందులతో సర్దుకుంటాయి. అసలు పని ఆ తర్వాతే. కాణిపాకం తీసుకుపోయి వినాయకుడి ముందు ప్రమాణం చేయించిన కుటుంబాలు మా దగ్గరికి చాలా వస్తాయి. ఆ ప్రమాణాన్ని నేను తీసిపారేయను, దేవుడి భయంతో నిజంగానే ఆగినవాళ్లు ఉన్నారు. కానీ పుంగనూరులో బామ్మర్ది పెళ్లిలో ఎవరో గ్లాసు చేతికిచ్చిన రాత్రి ఫోన్ చేస్తే ఎత్తే మనిషి ఒకరు కావాలి. ఆ ఫోన్ ఎత్తే పిల్ల ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ చదివింది, హాస్టల్ ఫీజు కట్టుకోవాలి, ఇంటికి డబ్బు పంపాలి. సేవ కదా అని గాలి తిని బతకమంటారా?

పోయినేడు ఒక పెద్ద కంపెనీలో సీఎస్‌ఆర్ వాళ్లతో, అంటే లాభాల్లో కొంత సమాజం పనులకు ఖర్చు పెట్టే విభాగంతో కూర్చున్నాం, పేరెందుకులెండి. బడ్జెట్‌లో ఫీల్డ్ వర్కర్ల జీతాలు చూడగానే ఆ అబ్బాయి మొహం మారిపోయింది. "సార్, శాలరీలన్నీ అడ్మిన్ కిందికి వస్తాయి, మాకు 5 శాతమే లిమిట్, దీన్ని ఏదైనా అసెట్ కింద మార్చి పంపండి" అన్నాడు. అసెట్ అంట! మనిషిని ఏ అసెట్ కింద రాయాలి నాయనా?

ఈ 5 శాతం గోల చాలామంది ట్రస్టులవాళ్లు నిజమనుకుని వెనక్కి వచ్చేస్తున్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నెట్‌వర్త్ 500 కోట్లో, టర్నోవర్ 1,000 కోట్లో, నికర లాభం 5 కోట్లో ఉన్న కంపెనీ గడిచిన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇలాంటి పనులకు ఖర్చు పెట్టాలి. ఆ పనులేవో చెప్పే ఏడో షెడ్యూలులో ఆరోగ్యం అనే మాట స్పష్టంగా ఉంది, మానసిక ఆరోగ్యం అందులోకే వస్తుంది. ఇక 5 శాతం పరిమితి అనేది కంపెనీ తన సీఎస్‌ఆర్ విభాగాన్ని నడుపుకోవడానికి పెట్టుకునే ఖర్చు మీద. ఒక ప్రాజెక్టును అమలు చేయడానికి నేరుగా అయ్యే ఖర్చు అందులో కలపకూడదని 2021లో సవరించిన రూల్స్‌లోనే రాసి ఉంది. అంటే మా సోషల్ వర్కర్ జీతం ప్రాజెక్టు ఖర్చు, వాళ్ల ఆఫీసు ఖర్చు కాదు. ఇది మేం చెప్తే "మా లీగల్ టీమ్‌ను అడుగుతాం" అంటారు, ఆ టీమ్ చెన్నైలోనో ముంబైలోనో ఉంటుంది, అంతటితో సరి. శ్రీసిటీ, రేణిగుంట, కరకంబాడి అంటూ ఫ్యాక్టరీలు మన చుట్టూ ఉన్నాయి, నిర్ణయాలు మాత్రం మన దగ్గర జరగవు.

సరే, జీతాల గొడవ పక్కన పెట్టినా ఇంకో రెండు ప్రశ్నలు తప్పవు. ఒకటి, "మీ జిల్లాలో సమస్య ఎంతుందో బేస్‌లైన్ డేటా ఇవ్వండి". బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ చేసిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది, అందులో ఆంధ్రప్రదేశ్ లేదు. 18 ఏళ్లు నిండినవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని ఆ సర్వే తేల్చిన అంకెనే అందరం వాడుకుంటున్నాం. రాష్ట్రానికే దిక్కులేనప్పుడు తిరుపతి జిల్లా లెక్క నేనెక్కడి నుంచి తేవాలి, జిల్లా పుట్టిందే 2022లో! రెండోది ఫోటోలు. పేషెంటుతో, వీలైతే కుటుంబంతో, ముందు ఒకటి, తర్వాత ఒకటి కావాలంటారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వైద్యంలో ఉన్న మనిషి ఫోటోను అతని అనుమతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదంటుంది. చట్టం సంగతి అటుంచండి, రేపు ఆ ఫోటోలో ఉన్న అమ్మాయికి పెళ్లి సంబంధం చూడాల్సింది మీ కంపెనీ ఫేస్‌బుక్ పేజీ చూసేవాళ్ల మధ్యలోనే.

ప్రభుత్వం వైపు చూస్తే, నిజం చెప్పాలి కాబట్టి చెప్తున్నా, కాగితం మీద పరిస్థితి కొంచెం మేలు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ మత్తు పదార్థాల డిమాండ్ తగ్గించే జాతీయ ప్రణాళిక కింద స్వచ్ఛంద సంస్థలకు గ్రాంటు ఇస్తుంది. 15 పడకల పునరావాస కేంద్రం, యువతతో పనిచేసే కార్యక్రమాలు, డ్రాప్ ఇన్ సెంటర్లు, ఇలా రకాలున్నాయి. కౌన్సెలర్లకూ నర్సులకూ జీతం అందులో ఉంటుంది. ముందు నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో నమోదు కావాలి, ఈ-అనుదాన్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి, తనిఖీ, సిఫార్సు, మంజూరు, విడతలు, మధ్యలో ఇచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చూపే యూటిలైజేషన్ సర్టిఫికెట్. విడతకూ విడతకూ మధ్య నెలల్లో జీతాలు, అద్దె, కూరగాయల బాకీ ఎవరి చేతి నుంచి పోవాలో అర్థమైంది కదా. చేతిలో కొంచెం నిల్వ లేని చిన్న ట్రస్టు ఆ పథకంలోకి దిగితే మొదటి ఏడాదే మునిగిపోతుంది. 2019లో ఎయిమ్స్ విడుదల చేసిన సర్వే ప్రకారం దేశంలో మద్యం వల్ల సహాయం అవసరమైనవాళ్లు 5.7 కోట్ల మంది. 15 పడకల లెక్కన ఎప్పటికి తీరేను.

కోలుకున్న మానసిక రోగులు ఆసుపత్రికీ ఇంటికీ మధ్య కొన్నాళ్లు ఉండే హాఫ్‌వే హోమ్ నడపాలనుకునేవాళ్లు దీనదయాళ్ దివ్యాంగుల పునరావాస పథకం చూడండి, అందులో దానికి చోటుంది. దానికి 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద సంస్థ రిజిస్టర్ అయి ఉండాలి. ఆటిజం, బుద్ధిమాంద్యం పిల్లలతో పనిచేస్తే నేషనల్ ట్రస్ట్ పథకాలు వేరే. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఒక్కో జిల్లాకు ఏడాదికి 83.2 లక్షల వరకు సాయం అని ఉంటుంది, అది ప్రభుత్వ వైద్య వ్యవస్థ నడవడానికి, మనకొస్తుందని ఆశ పెట్టుకోకండి. దానితో కలిసి పనిచేయడం మాత్రం మంచిది, మందులు ఊరికే దొరుకుతాయి.

విదేశీ డబ్బు గురించి ఇంకా "అమెరికాలో మా మేనల్లుడు పంపిస్తాడు" అనేవాళ్లున్నారు. పంపనీయండి, కానీ ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ లేకుండా విదేశీ విరాళం తీసుకుంటే ట్రస్టు మూతపడుతుంది. ఆ రిజిస్ట్రేషన్‌కు మూడేళ్ల అనుభవం, ఆ మూడేళ్లలో 15 లక్షల ఖర్చు చూపాలి, ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచ్‌లో ఖాతా ఉండాలి. 2020 సవరణతో పెద్ద సంస్థ తన విదేశీ నిధుల్లోంచి చిన్న సంస్థకు పంచే దారి కూడా మూసేశారు. మాలాంటివాళ్లకు ఎక్కువ దెబ్బ అదే. చెన్నైలోనో బెంగళూరులోనో ఉన్న పెద్ద సంస్థ మమ్మల్ని నమ్మి ఒక ముక్క ఇచ్చే రోజులు పోయాయి.

దేశంలోని ఫౌండేషన్లలో మారివాలా హెల్త్ ఇనీషియేటివ్ ఒకటి పూర్తిగా మానసిక ఆరోగ్యానికే నిధులిస్తుంది, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లు ఇస్తుంది. ఇలాంటి చోట్ల ముందు కూర్చుని మాట్లాడటానికి వీలుంటుంది, జీతం అనే మాట వినగానే లేచిపోరు. సేవా సంస్థలు నిధులు సేకరించుకునే సోషల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ గురించి వర్క్‌షాపుల్లో ఊదరగొడుతున్నారు కానీ ఏడాదికి 50 లక్షలు ఖర్చు పెట్టే సంస్థలకే అందులో ప్రవేశం, కాబట్టి మనలో చాలామందికి ఆ వర్క్‌షాపులో మధ్యాహ్నం భోజనమే లాభం.

మన ఊరి దాతల గురించి కూడా చెప్పాలి. తిరుపతిలో పుట్టినరోజుకు, పెళ్లిరోజుకు, పెద్దల తద్దినానికి అన్నదానం చేస్తామని ఫోన్ చేసేవాళ్లకు కొదవలేదు, వాళ్ల మనసుకు చేతులెత్తి దండం పెడతా. ఒక్కో ఆదివారం ఇద్దరు ముగ్గురు వస్తారు, పాయసం మీద పాయసం, షుగరు పేషెంట్లకు వద్దని చెప్పలేక మా వంటామె పడే తిప్పలు ఆ దేవుడికెరుక. "అన్నా, భోజనం వద్దు, ఆ డబ్బుతో మా ఫీల్డ్ వర్కర్ అమ్మాయి నెల రోజులు పల్లెలు తిరగడానికి బస్సు చార్జీలు ఇవ్వండి" అని అడిగితే అవతల ఒక నిమిషం మాట ఉండదు. తర్వాత "అది మీరు వేరేగా చూసుకోండి సామీ" అంటారు. అన్నం పెడితే పుణ్యం, బస్సు టికెట్‌కు పుణ్యం రాదని ఎవరు చెప్పారో వీళ్లకు.

మనవాళ్లనూ రెండు మాటలు అనాలి. రిజిస్ట్రేషన్ లేకుండా ఇల్లు అద్దెకు తీసుకుని, గేటుకు తాళమేసి, డీఅడిక్షన్ సెంటర్ అని బోర్డు పెట్టి, నెలకింత అని కుటుంబాల దగ్గర గుంజేవాళ్లున్నారు. 2017 చట్టంలో మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక సమస్యలూ ఉన్నాయి కాబట్టి అలాంటి కేంద్రం కూడా రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ దగ్గర రిజిస్టర్ కావాలి, లేకుంటే మొదటిసారే 5,000 నుంచి 50,000 దాకా జరిమానా. ఇలాంటి వాటి గురించి పేపర్లో ఒక్క వార్త వస్తే ఏడాదంతా మేం ఏ ఆఫీసుకెళ్లినా దొంగల్ని చూసినట్టు చూస్తారు.

ఇంకో అలవాటు. జీతాలు ఒప్పుకోరని ఫీల్డ్ వర్కర్ డబ్బును "శిక్షణ", "అవగాహన సామగ్రి" అనే పద్దుల్లో దాచి రాస్తున్నారు కొందరు మిత్రులు. దయచేసి మానండి. ఆడిట్‌లో అది దొరికితే మీ ఆదాయపు పన్ను గుర్తింపులు 12ఏ, 80జీ రెండూ ప్రమాదంలో పడతాయి, అవి లేకుంటే కంపెనీ డబ్బు తీసుకోవడానికి కావాల్సిన సీఎస్‌ఆర్-1 నమోదు లేదు, అది లేకుంటే ఏ కంపెనీ గుమ్మం తొక్కలేరు. పైగా అలా దాచినన్నాళ్లూ డబ్బిచ్చేవాళ్లకు ఈ పని మనుషులు లేకుండా, కరపత్రాలతో నడుస్తోందనే అనిపిస్తుంది. బడ్జెట్ మొదటి వరసలోనే రాయండి: ఫలానా మండలాల్లో ఇంటింటి ఫాలో అప్, ఇద్దరు సోషల్ వర్కర్లు, జీతం ఇంత, బస్సు చార్జీ ఇంత, పీఎఫ్ ఇంత. వాళ్లు కొట్టేస్తే ఏ కారణంతో కొట్టేశారో మెయిల్‌లో రాసి పంపమనండి. నేను ఇప్పుడు అదే అడుగుతున్నా, చాలామంది రాయడం లేదు, ఒకరు మాత్రం రూల్ చదివి ఒక ఏడాదికి ఒప్పుకున్నారు.