గొలుసు కట్టినవారికేనా శిక్ష?

విజయవాడలో తెల్లవారి ఐదున్నరకు బీఆర్‌టీఎస్ రోడ్డు మీదికో, పటమట వీధుల్లోకో, కృష్ణలంక కరకట్ట వైపో వెళ్లి చూస్తే, వాకింగ్‌కు వచ్చినవారిలో కొందరి చేతిలో కుక్క గొలుసు కూడా కనిపిస్తుంది. టీకాలు వేయించి, బెల్టు కట్టి, కుక్కను పక్కనే నడిపించుకుంటూ వెళ్లే వీళ్లు చేయాల్సినదంతా చేస్తున్నారు. అయినా బిక్కుబిక్కుమంటూ నడుస్తున్నది వాళ్లే. సందు మొగలోంచి గొలుసు లేని కుక్క ఒకటి దూసుకొచ్చి మీద పడితే, కట్టి ఉన్న కుక్క పారిపోలేదు, పక్కకు తప్పుకోలేదు. దాన్ని కాపాడబోయిన మనిషి చేతికీ పళ్లు దిగుతాయి. జాగ్రత్తగా ఉన్నవారికి రక్షణ లేదు, లేనివారిని అడిగే నాథుడు లేడు. ఈ పరిస్థితి మారాలి.

ఇలా దూసుకొచ్చేవన్నీ వీధి కుక్కలే అనుకుంటే పొరపాటు. పొద్దున్నే గేటు తీసి, కాలకృత్యాలు తీర్చుకుని రమ్మని వదిలేసే ఇంటి కుక్కలూ వాటిలో ఉన్నాయి. మెడలో బెల్టు ఉంటుంది, ఆ బెల్టును పట్టుకున్న చెయ్యి మాత్రం ఉండదు. రెండు కుక్కలు కలబడి, అరుపులకు వీధి వీధంతా లేచాక యజమాని బయటికొచ్చి చెప్పే మాట ఎక్కడైనా ఒకటే: ‘మావాడు ఏమీ చెయ్యడండీ.’ ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఇంట్లో పిల్లల పక్కన పడుకునే కుక్కను చూసే ఆయన ఆ మాట అంటున్నాడు. కానీ గేటు ముందున్న రోడ్డు కూడా తనదేనని కుక్క లెక్క. ఆ రోడ్డు మీదికి కొత్త కుక్క వస్తే, ఆ సాధువైన జంతువే మీద పడి కరుస్తుంది. యజమాని మంచితనం దాన్ని ఆపలేదు, గొలుసు ఆపుతుంది.

చట్టంలో దీనికి చోటుంది. తన దగ్గరున్న జంతువు వల్ల మనుషుల ప్రాణానికి ముప్పు, తీవ్ర గాయాలు కలిగే ప్రమాదం ఉన్నా తగిన జాగ్రత్త తీసుకోనివారికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఈ సెక్షన్ మాట్లాడేది మనుషులకు వచ్చే ముప్పు గురించే. అందుకని కుక్కల గొడవకు కేసేమిటని ఫిర్యాదును పక్కన పెట్టడం తేలిక. గొలుసు రెండో కొసన ఉన్నది మనిషే అన్న సంగతి పోలీసులు గుర్తించాలి. షిట్జు, పామరేనియన్ లాంటి చిన్న జాతి కుక్కలను నడిపించేది చాలా ఇళ్లలో పదేళ్ల పిల్లలూ, రిటైరైన పెద్దవాళ్లూ. పెద్ద కుక్క ఊపుకు వాళ్లు కింద పడితే తుంటి ఎముక విరిగే ప్రమాదం ఉంది.

వీధి కుక్కల విషయంలో బాధ్యత ఎవరిదో కూడా రాసిపెట్టే ఉంది. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం పెంపుడు కుక్కకు టీకాలు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ యజమాని చూసుకోవాలి, వీధి కుక్కలకు స్థానిక సంస్థ చూసుకోవాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం మరింత స్పష్టంగా చెప్పింది. ఆపరేషన్ చేసి, టీకా వేసిన కుక్కలను పట్టుకున్న చోటే వదలాలని అప్పుడు ఆదేశించింది. రేబిస్ సోకినవాటిని, సోకిందని అనుమానమున్నవాటిని, దూకుడుగా ఉన్నవాటిని మాత్రం తిరిగి వీధిలోకి వదలకూడదు. ప్రతి వార్డులో తిండి పెట్టడానికి ప్రత్యేకంగా చోటు చూపించాలి, రోడ్ల మీద ఎక్కడపడితే అక్కడ పెట్టకూడదు.

‘అన్నిటినీ బండెక్కించి కొండపల్లి అడవిలో వదిలేస్తే పోలా’ అనే వారు మనలో చాలామందే ఉన్నారు. భయపడిన మనిషి నోట అలాంటి మాట రావడం సహజం. కానీ దాని వల్ల ఉపయోగం లేదు. ఖాళీ అయిన వీధిలోకి పక్క పేటల కుక్కలు వస్తాయి. కొత్తవి, టీకా పడనివి, ఆ వీధి మనుషులను ఎరగనివి. హద్దులు తేలేదాకా వాటి మధ్య కొట్లాటలే. ఇక విషం పెట్టడం, కాళ్లు విరగ్గొట్టడం ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడగల నేరాలు. అవి క్రూరమైన పనులు కూడా. వాటిని మేము ఏ పరిస్థితిలోనూ సమర్థించం.

పనికొచ్చేది ఆపరేషనే, అదీ పద్ధతిగా చేస్తేనే. ఆడ కుక్క ఏడాది నిండకముందే ఎదకు వస్తుంది, రెండు నెలలు మోసి నాలుగైదు పిల్లల్ని పెడుతుంది. కాబట్టి ఒక ప్రాంతంలో తక్కువ కాలంలో నూటికి డెబ్బై కుక్కలకైనా ఆపరేషన్లు జరగకపోతే మిగిలినవి ఆ లోటు పూడ్చేస్తాయి. సింగ్ నగర్‌లో నాలుగు, భవానీపురంలో ఐదు పట్టుకుని బండి వెళ్లిపోతే డబ్బు ఖర్చవుతుంది తప్ప కుక్కలు తగ్గవు. ఒక పేట మొదలుపెడితే పూర్తయ్యేదాకా కదలకూడదు. ఆపరేషన్ అయిన కుక్క చెవి అంచును కాస్త కత్తిరిస్తారు. మీ వీధిలో తిరిగే కుక్కల చెవులు ఒకసారి చూడండి, అక్కడ పని ఎంతవరకు జరిగిందో మీకే తెలుస్తుంది.

తిండి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చికెన్ షాపుల వ్యర్థాలు, హోటళ్ల మిగులు రాత్రిపూట ఏ మూల పడతాయో ఆ మూలే గుంపుకు అడ్డా అవుతుంది. తమ తిండి దగ్గరికి వచ్చే మరో కుక్కను అవి రానివ్వవు. చెత్త పడేసే చోటును మూయకుండా కుక్కల దూకుడు గురించి ఎంత మాట్లాడుకున్నా లాభం లేదు.

ఇవన్నీ జరిగేదాకా కుక్క ఇంట్లో కూర్చోదు, బయటికి తీసుకెళ్లాల్సిందే. అందుకని పాఠకులకు కొన్ని మాటలు. పొడవు పెరిగే రీలు తాడు మన వీధులకు పనికిరాదు, ఆరడుగుల గట్టి తాడు చాలు. మెడపట్టీ కన్నా ఛాతీ చుట్టూ వచ్చే బెల్టు మేలు, అవసరమైతే కుక్కను దాంతో పైకి లేపవచ్చు. మీ సొంత వీధి కుక్కలు మీ కుక్కను ఎరుగును, గొడవ వచ్చేది పక్క వీధి మలుపులో. అక్కడ గుంపు కనబడితే ధైర్యం చూపకండి, దూరంగా ఉండగానే దారి మార్చండి. చిత్త కార్తె రోజుల్లో, అంటే అక్టోబరులో, మగ కుక్కలు గుంపులు కట్టి తిరుగుతాయి. ఎదకు వచ్చిన ఆడ కుక్కను ఆ రోజుల్లో వీధిలోకి తీసుకెళ్లకపోవడమే మంచిది.

గొలుసు లేని కుక్క ఎదురుపడితే పరిగెత్తకండి. తాడు బిగించి లాగితే మీ టెన్షన్ మీ కుక్కకు తెలిసిపోతుంది. దాన్ని వెనక్కి తెచ్చుకుని, మీరు ముందు నిలబడి, గట్టిగా ఒక్క కేక వేయండి. రాయి తీస్తున్నట్టు కిందికి వంగితే చాలు, చాలా వీధి కుక్కలు ఆగుతాయి. విసరక్కర్లేదు. చేతిలో గొడుగు ఉంటే మీదికొచ్చే కుక్క ముఖం ముందు ఠక్కున తెరవండి. చిన్న కుక్కనైతే అవతలిది దగ్గరికి రాకముందే ఎత్తుకుని గోడకో, ఆగి ఉన్న కారుకో వీపు ఆనించి నిలబడండి. అప్పటికే కలబడితే మధ్యలో చెయ్యి పెట్టవద్దు. నీళ్ల సీసా ముఖాన గుమ్మరించండి, సంచీనో గొడుగునో మధ్యకు దూర్చండి. అవతలి కుక్క పట్టు వదలకముందే మీ కుక్కను గుంజితే చర్మం చీలిపోతుంది.

గాయం విషయంలో చాలామంది మోసపోతున్నారు. బొచ్చు కుక్కకు పైన బఠాణీ గింజంత రంధ్రమే కనిపిస్తుంది. కోరపళ్లు దిగాక అవతలి కుక్క దాన్ని విదిలిస్తే లోపల చర్మం కండ నుంచి విడిపోయి, ఆ ఖాళీలో చీము పడుతుంది. రెండు రోజులకు జ్వరం వచ్చి, తిండి మానేశాకే ఇంట్లోవారికి తెలుస్తుంది. అందుకని ఎంత చిన్న గాటైనా అదే రోజు పశువైద్యుడికి చూపించాలి, బొచ్చు కత్తిరించి చూడమనాలి. పసుపు, కారం, సున్నం పెట్టవద్దు. రేబిస్ టీకా ఏటా వేయించినా సరే, కరిచాక వెంటనే బూస్టర్ పడాలి. మిమ్మల్నీ కరిస్తే సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పావుగంట కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. చర్మంలోకి వేసే పద్ధతిలో టీకా మొదటి రోజున, తర్వాత 3, 7, 28వ రోజుల్లో వేస్తారు. పళ్లు దిగి రక్తం వస్తే, రేబిస్‌ను వెంటనే అడ్డుకునే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ కూడా అడగండి. రేబిస్ లక్షణాలు కనిపించాక చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు.

నగరపాలక సంస్థను మేము కోరేది పెద్ద పథకం కాదు. గొలుసు లేకుండా పెంపుడు కుక్కను వీధిలోకి వదిలిన యజమానికి మొదటిసారి నోటీసు, రెండోసారి జరిమానా వేయాలి. పెంపుడు కుక్క నమోదును, రేబిస్ టీకా కార్డును ఒకదానితో ఒకటి ముడిపెట్టాలి. 64 డివిజన్లలో ఎక్కడ ఎన్ని కుక్కలున్నాయి, ఎన్నిటికి ఆపరేషన్ అయింది, దూకుడుగా ఉన్నవని పట్టుకున్నవి ఎక్కడున్నాయి అన్న వివరాలతో ఒక పట్టికను ప్రతి వార్డు సచివాలయం గోడకు అంటించి నెలనెలా మార్చాలి. కుక్క కరిచిందనో, మీద పడిందనో ఫిర్యాదు వస్తే, ఆ కుక్కను ఎప్పుడు పరీక్షించారో ఫిర్యాదు చేసినవారికి రాతపూర్వకంగా తెలపాలి. చిత్త కార్తె గుంపులు వీధుల్లోకి రాకముందే ఈ పట్టికలు గోడల మీదికి రావాలి.