ఆటపాక ఒక్కటే కొల్లేరు కాదు

కొల్లేరు అభయారణ్యం నిర్వహణ ప్రస్తావన వచ్చినప్పుడల్లా అటవీ శాఖ ఆటపాక పక్షుల కేంద్రాన్ని చూపిస్తుంది. అక్కడ గూడబాతులు (పెలికన్లు) గుంపులుగా వచ్చి పిల్లలను లేపుతున్న మాట నిజం. అందుకు క్షేత్రస్థాయి సిబ్బంది అభినందనీయులు. అయితే అవి గూళ్లు పెట్టుకుంటున్నది ఎక్కువగా శాఖ నీళ్లలో పాతిన ఇనుప స్టాండ్ల మీద. పక్షులకు చెట్టు కూడా మనమే చేసిపెట్టవలసి వచ్చిన చోట సరస్సు ఆరోగ్యంగా ఉందని చెప్పుకోవడం సాహసమే.

ఐదో కాంటూరు, అంటే సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు వరకు 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించిన ఉత్తర్వు సంప్రదాయ చేపల వేటను అనుమతించి, చేపల చెరువులను నిషేధించింది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు దక్కింది. సుప్రీంకోర్టు ఆదేశాలతో 2006లో చేపల చెరువుల గట్లు కొట్టివేసినా, అవి మళ్లీ లేచాయి. అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని 2008లో శాసనసభ తీర్మానిస్తే, తర్వాత కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ కుదింపు తగదని చెప్పింది. ఈ రెండింటి నడుమ అటవీ శాఖ చూసీచూడనట్టు ఊరుకుందనే మేం భావిస్తున్నాం. గట్టు వేయడం చాటుమాటుగా సాగే పని కాదు. పొక్లెయిన్ రావాలి, రోజుల తరబడి మట్టి తవ్వాలి.

దీనికి మూల్యం చెల్లిస్తున్నది నాటు చేపలు. బుడమేరు, తమ్మిలేరు వరదనీరు పల్లపు మేరల్లో పరుచుకుని, నాచూ తుంగా ఉన్నచోట నిలిస్తేనే కొర్రమీను, మట్టగిడస, ఇంగిలాయి వంటివి పెరుగుతాయి. గట్లు నీరు పరుచుకునే ఆ మేరను ముక్కలు చేశాయి, పూడిన ఉప్పుటేరు మిగిలిన నీటినీ సజావుగా సముద్రానికి చేర్చడం లేదు. చెరువుల్లో పెంచిన కట్ల, శీలావతి టన్నుల లెక్కన మత్స్యశాఖ ఉత్పత్తి గణాంకాల్లోకి ఎక్కుతుండగా, చేపల వేటకు మావులు వేసి బతికిన వడ్డి కులపు మత్స్యకారుల్లో ఎందరో అవే చెరువుల మీద కూలీలయ్యారు. ఒక శాఖ నిషేధించిన పెంపకం మరో శాఖ ప్రగతి పట్టికలో చేరితే రెంటినీ సమీక్షించవలసింది సచివాలయమే.

అందువల్ల ఏటా పక్షుల గణనతో సరిపెట్టకుండా, వర్షాకాలంలోనూ వేసవిలోనూ నీరు ఎంతమేర పరుచుకుంది, కొట్టిన గట్లలో ఎన్ని తిరిగి వేశారు, వేటలో ఏయే నాటు చేపలు పడుతున్నాయి అన్న వివరాలను లంక గ్రామాల వారీగా ప్రకటించాలి. ఆ లెక్క తీసే బాధ్యత అటవీ, మత్స్య, జలవనరుల శాఖల్లో ఎవరిదో ప్రభుత్వం ముందుగా ఉత్తర్వులో రాసి ఇవ్వాలి.